రింగుల జుట్టుకు కుంకుడా, షాంపూనా, స్మూతెనింగా: బోరు నీళ్ల ఊళ్లలో ఏది నప్పుతుంది

హైదరాబాద్‌లో చుట్టాలింట్లో నాలుగు రోజులున్నప్పుడు ముద్దుగా చుట్టలు చుట్టుకున్న జుట్టు, దేవరకొండకో నాగర్‌కర్నూల్‌కో తిరిగొచ్చి ఒక్కసారి తలస్నానం చేయగానే కొబ్బరి పీచులా లేస్తుంది. షాంపూ సీసా అదే, రుద్దిన చెయ్యి అదే. మారింది నీళ్లు.

రింగుల జుట్టు గురించి వచ్చే సలహాల్లో చాలావరకు మెత్తటి నీళ్లున్న ఊళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో డబ్బులు పోతాయి, జుట్టు మాత్రం అలాగే ఉంటుంది. ఇక్కడ ముందు నీళ్ల సంగతి తేలాలి. దేంతో కడగాలి, ఏం రాయాలి, ఎలా ఆరబెట్టాలి అన్నవి ఆ తర్వాతి లెక్కలు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు. పప్పు తొందరగా ఉడకకపోవడం, బకెట్ అంచుకు తెల్ల చార కట్టడం, హీటర్ రాడ్డుకు సున్నం పెచ్చులా పేరుకోవడం కనిపిస్తే మీవి కఠిన జలాలే. ఊళ్లో వాటినే ఉప్పు నీళ్లంటాం. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో సగం దాకా వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు పోయండి. రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా ఆడించండి. క్యాన్ నీళ్లు నురగలెత్తుతాయి. బోరు నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగా మారి, పైన తెట్టు కడతాయి. షాంపూతోనో బట్టల పౌడర్‌తోనో ఈ పరీక్ష తేలదు, అవి కఠిన జలాల్లోనూ కొంత నురుగిస్తాయి.

నీళ్లను ల్యాబ్‌లో చూపించి ఉంటే కాగితంలో టోటల్ హార్డ్‌నెస్ అంకె చూడండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. 300 దాటితే చాలా కఠిన జలాల కిందే లెక్క.

నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలను వంచేసిన బాధ అది, చిన్నది కాదు. అయితే అది తాగే నీళ్లతో వచ్చింది. జుట్టును బిరుసెక్కించేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాబట్టి ఫ్లోరైడ్ లేని బోరు కదా అని జుట్టు విషయంలో ధీమా పడొద్దు.

వెంట్రుక మందం. దువ్వెనలో రాలిన ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. ఉన్నట్టే తెలియకపోతే సన్నం, కుట్టుదారంలా తగిలితే మందం. సన్నటి వెంట్రుక నూనెకు, క్రీముకు అణిగి చప్పబడుతుంది. మందపు వెంట్రుక ఎంత రాసినా ఇంకా అడుగుతుంది. వీడియోల్లో చెప్పే 2ఏ, 3బి, 3సి గుర్తులు రింగు ఆకారాన్ని మాత్రమే చెబుతాయి. ఏం కొనాలో తేల్చేది మందం, నీళ్లే.

మాడు. మాడు జిడ్డోడుతూ చివర్లు ఎండిపోవడం రింగుల జుట్టులో మామూలే. మాడు మీద పుట్టే నూనె తిన్నటి వెంట్రుక మీద కిందికి జారినంత సులువుగా మెలికల మీద జారదు. అందుకే మాడుకు ఒక లెక్క, పొడవుకు ఇంకో లెక్క వేయాలి.

కాలం. వెంట్రుక లోపలి ప్రోటీన్ గొలుసులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. తడిస్తే అవి విడిపోతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కట్టుకుంటాయి. ఆరుతున్న జుట్టును దువ్వి, విదిలించి, ముడేస్తే అది ఆ చిందరవందరలోనే స్థిరపడుతుంది. వానాకాలంలో గాలిలోని తేమ ఆ బంధాలను మళ్లీ వదులు చేస్తుంది, జుట్టు రేగుతుంది. మే నెల 44 డిగ్రీల వడగాడ్పుల్లో జరిగేది వేరు, ఉన్న తేమ కూడా ఆవిరై జుట్టు పెళుసెక్కుతుంది. రెండు కాలాలకూ ఒకే సీసా చాలదు.

## నీళ్లకు ఉన్న దారులు

అన్నిటికంటే తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చేది చివరి రెండు లీటర్ల పద్ధతి. తలస్నానమంతా బోరు నీళ్లతోనే కానివ్వండి. ఆఖర్న మాత్రం రెండు లీటర్ల మంచినీళ్లు, అంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లో వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లో, చెంబుతో మెల్లగా పోసుకోండి. జుట్టు మీద ఆరిపోయేవి ఆఖర్న పోసుకున్న నీళ్లే. వాటిలో లవణాలు తక్కువుంటే జుట్టు మీద మిగిలే పొడి కూడా తగ్గుతుంది. నడుము దాకా జుట్టుంటే మూడు లీటర్లు పెట్టుకోండి. ఒక్క 20 లీటర్ల క్యాన్ ఆరేడు తలస్నానాలకు వస్తుంది.

కాచి చల్లార్చడం సగం మందే. బోరు నీళ్లను పది నిమిషాలు తెర్లనిచ్చి చల్లారబెడితే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం సున్నంలా అడుగున దిగుతుంది. పైనీళ్లు కదలకుండా వంపుకోవాలి. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది కాచినా పోదు.

షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్లను కొనేముందు ఆలోచించండి. వాటిలో ఎక్కువ భాగం ఇసుకను, క్లోరిన్‌ను ఆపుతాయే గానీ కాఠిన్యాన్ని తీయవు. దాన్ని తీసేది రెజిన్ ఉన్న సాఫ్ట్‌నర్. దాన్ని తరచూ ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. ఇంటిల్లిపాదికీ పెట్టించుకునే స్థోమత ఉంటే మంచిదే, ఒక్కరి జుట్టు కోసమైతే దండగ.

ఒక్క పొరపాటు మాత్రం చేయొద్దు. ఆర్వో మిషన్ పక్క పైపులోంచి వచ్చే వృథా నీళ్లను పొదుపు కోసం తలస్నానానికి పట్టుకుంటారు. తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి, అవి బోరు నీళ్ల కంటే కఠినం. వాటిని బండలు కడగడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లు మెత్తనివే, కానీ కాయిల్ మీది దుమ్ము, బూజు వాటితో వస్తాయి. వాన నీళ్లు బంగారం. మొదటి రెండు మూడు వానలకు డాబా మీది దుమ్ము కొట్టుకుపోయాక పట్టుకోండి.

## దేంతో కడగాలి

| | బోరు నీళ్లలో | మాడుకు | చివర్లకు | శ్రమ |
|---|---|---|---|---|
| కుంకుడుకాయ | తెట్టు కట్టదు | బాగా శుభ్రం | ఎండబెడుతుంది | చాలా |
| శీకాయ | తెట్టు కట్టదు | మధ్యస్థం | కుంకుడు కంటే మెత్తన | చాలా, నలుసులు ఇరుక్కుంటాయి |
| సల్ఫేట్ షాంపూ | నురగ తగ్గుతుంది | చాలా శుభ్రం | బాగా ఎండబెడుతుంది | లేదు |
| సల్ఫేట్ లేని షాంపూ | నురగ ఇంకా తగ్గుతుంది | మధ్యస్థం | మెత్తన | లేదు |
| కండిషనర్‌తోనే కడగడం | లవణాలు పేరుకుపోతాయి | చాలదు | చాలా మెత్తన | లేదు |

కుంకుడుకాయ మన ప్రాంతానికి అతికినట్టు సరిపోయే వస్తువు, కారణం కూడా ఉంది. సబ్బు కఠిన జలాల్లోని కాల్షియంతో కలిసి తెట్టుగా మారుతుంది. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్లకు ఆ గొడవ లేదు. పైగా రసం కొద్దిగా పుల్లని గుణంతో ఉంటుంది, సబ్బులా క్షారం కాదు. వెంట్రుక పైపొర పొలుసులు క్షారంలో విచ్చుకుంటాయి, పులుపులో అణుగుతాయి.

అయితే కుంకుడు మెత్తటిదేమీ కాదు. చిక్కటి రసంతో పొడవంతా రుద్దితే రింగులు గడ్డిలా అవుతాయి. భుజాలు దిగిన జుట్టుకు ఎనిమిది నుంచి పది కాయలు చాలు. కొట్టి గింజలు తీసేసి, రెండు గ్లాసుల వేడినీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున పిసికి, పల్చటి బట్టలో రెండుసార్లు వడగట్టి, ఇంకో గ్లాసు నీళ్లు కలపండి. రెండోసారి వడగట్టడం మానొద్దు. తొక్క నలుసు తిన్నటి జుట్టులోంచి జారిపోతుంది గానీ రింగులో చిక్కితే ఆరాక చుండ్రులా కనిపిస్తుంది. రసాన్ని మాడు మీదే పోసి వేళ్ల కొసలతో రుద్దండి. జారే నురగే చివర్లకు సరిపోతుంది. జుట్టంతా నెత్తి మీదకు పోగేసి పిండకండి, చిక్కుపడేది అక్కడే. మిగిలిన రసం మరునాటికి పులిసిపోతుంది కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవడమే మేలు. కళ్లలో పడితే మండుతుంది, పిల్లలకు నుదుటి మీద తడి తువ్వాల కట్టండి.

శీకాయ అంత ఎండబెట్టదు. ఇబ్బంది పొడితోనే. ఎంత మెత్తగా పట్టించినా రింగుల్లో ఇరుక్కుంటుంది. పొడి బదులు కాయలే వాడండి. ఆరు కుంకుళ్లు, మూడు శీకాయలు, టేబుల్ స్పూన్ మెంతులు కలిపి నానబెట్టి, మర్నాడు పది నిమిషాలు కాచి వడగడితే మెంతి జిగురు వల్ల రసం జారుడుగా వస్తుంది, చిక్కు తీయడం తేలికవుతుంది. రింగుల జుట్టుకు ఒట్టి కుంకుడు కంటే ఈ కలయికే మేలు.

సల్ఫేట్ షాంపూ అంటే వెనక రాతలో సోడియం లారిల్ సల్ఫేటో సోడియం లారెత్ సల్ఫేటో ముందు వరుసలో ఉండేది. రోజూ వాడితే రింగులు పాడవుతాయన్నది నిజం, అసలే ముట్టకూడదన్నది నిజం కాదు. ఆముదం దట్టంగా పట్టించినప్పుడు, డైమెథికోన్ లాంటి సిలికోన్లున్న సీరం వారాల తరబడి రాసినప్పుడు, దాన్ని తేలిగ్గా వదిలించేది ఇదే. నెలకొకటి రెండుసార్లు వాడి, వెంటనే కండిషనర్ పెట్టుకుంటే నష్టం లేదు.

సల్ఫేట్ లేని షాంపూల్లో కోకమిడోప్రొపైల్ బీటైన్, డెసిల్ గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథయొనేట్ లాంటి పేర్లుంటాయి. బోరు నీళ్లలో వీటికి నురగ సరిగా రాక జనం మళ్లీ మళ్లీ పోసుకుంటారు, సీసా పదిహేను రోజుల్లో అయిపోతుంది. అలా కాకుండా రెండు చెంచాల షాంపూను చిన్న గ్లాసెడు క్యాన్ నీళ్లలో కలిపి మాడు మీద పోసుకోండి. సగం షాంపూతో పని జరుగుతుంది.

కండిషనర్‌తోనే కడగడం ఇక్కడి దుమ్ముకు, చెమటకు, ఉప్పు నీళ్లకు సరిపడదు. చలికాలంలో వారానికి రెండో స్నానంగా అయితే పర్వాలేదు. చుండ్రు ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లొద్దు.

ఏది వాడినా, ఇప్పటికే పేరుకున్న లవణాలను వదిలించే ఉపాయం ఒకటి కావాలి. వెనక రాతలో డైసోడియం ఈడీటీఏ, టెట్రాసోడియం ఈడీటీఏ, ఫైటిక్ యాసిడ్ పైవరుసల్లో ఉన్న షాంపూ మూడు వారాలకొకసారి వాడితే చాలు. మామూలు షాంపూల్లోనూ ఈడీటీఏ అడుగున చిటికెడు ఉంటుంది, దానివల్ల పెద్ద తేడా రాదు. అది దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కలిపి జుట్టు మీద పోసి, రెండు నిమిషాలాగి కడిగేయండి. నిమ్మరసమైతే అరచెక్క చాలు, అదీ పూర్తిగా కడగాలి. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే నుదురు, మెడ కమిలి నల్లమచ్చలు పడొచ్చు.

## కడిగే ముందు, కడిగాక

కొబ్బరినూనెను స్నానానికి ముందు రాయాలా, తర్వాతా అన్న వాదన ఎప్పటిదో. రింగుల జుట్టుకైతే ముందే. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది, తడిసినప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూస్తే ఈ పని కొబ్బరినూనె ఒక్కటే చేసింది. గంట ముందు చివర్ల నుంచి సగం దాకా పట్టించండి. స్నానమయ్యాక నూనె దట్టంగా రాస్తే దుమ్మంతా జుట్టుకే అంటుకుంటుంది.

కండిషనర్ వేశాక, అది జుట్టు మీద ఉండగానే, పండ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కింది కొసల నుంచి పైకి చిక్కు తీయండి. రింగుల జుట్టును దువ్వడానికి సరైన సమయం ఇదే. ఆరాక దువ్వితే ఒక్కో రింగు పదారు పోగులుగా విడిపోతుంది.

గుడ్డు, పెరుగు, అరటిపండు పూతల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పెరుగు కాసేపు మెత్తదనమిస్తుంది. అరటిపండు నలుసులు రింగుల్లోంచి రావు. గుడ్డులోని ప్రోటీన్ వెంట్రుకలోకి దిగేంత చిన్నది కాదు. మైదాకు, అంటే గోరింటాకు, విషయం వేరు. నెలనెలా పెడితే అది వెంట్రుకకు అంటుకుని బరువు పెంచుతుంది, రింగు సాగిపోతుంది, కొందరికి జుట్టు బాగా ఎండుతుంది. రంగు కావాల్సిన వాళ్లు కొత్తగా పెరిగిన కుదుళ్ల దగ్గర మాత్రమే పెట్టుకోండి.

## రింగును నిలబెట్టేది

అవిసె గింజల జెల్. ఇంట్లో చేసుకోగలిగిన వాటిలో దీనికి సాటి లేదు. కొన్ని కిరాణాల్లో అవిసెలంటే అర్థం కాదు, అలసి అంటే ఇస్తారు. నాలుగు టేబుల్ స్పూన్ల గింజలు, అర లీటరు క్యాన్ నీళ్లు తీసుకుని మధ్యమంట మీద గరిటెతో కలుపుతూ ఉండండి. ఆరేడు నిమిషాలకు నీళ్ల మీద తెల్లటి నురగ వస్తుంది. గరిటె ఎత్తి చూడండి. చుక్కలు చుక్కలుగా పడితే ఇంకా కాలేదు. కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగిందంటే ఆ క్షణమే పొయ్యి ఆపండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే గింజలను వదలని బంకవుతుంది, దాన్ని ఎవరూ వడగట్టలేరు.

వేడి మీదే వడగట్టాలి. పాత పల్చటి చున్నీ ముక్కను గిన్నె మీద పరిచి పోసి, కొంచెం చల్లారాక మూట కట్టి పిండండి. చల్లగా అయ్యాక ఇక దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, ఎండాకాలం బయట ఒక్కపూటే. పుల్లటి వాసన వచ్చినా, నీళ్లలా పల్చబడినా పారేయండి. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి, స్నానానికి ముందు ఒకట్రెండు బిళ్లలు తీసుకుంటే సరిపోతుంది.

రాసేది నీళ్లు కారుతున్న జుట్టుకు. జుట్టును నాలుగు పాయలు చేసి, భుజాల దాకా ఉన్న జుట్టుకు మొత్తం రెండు టేబుల్ స్పూన్లు పట్టించండి. తర్వాత పాయను గుప్పిట్లోకి తీసుకుని కింది నుంచి పైకి నొక్కండి. తడి గుడ్డ పిండినట్టు పిచపిచమని శబ్దం రావాలి. రాలేదంటే తడి చాలలేదు, గుప్పెడు నీళ్లు చల్లుకోండి. ఆరాక జుట్టు మీద కరకరలాడే పొర కడుతుంది. దాన్ని చూసి భయపడి కడిగేసుకునేవాళ్లున్నారు. ఆ పొరే రింగును కాపాడింది. పూర్తిగా ఆరాక అరచేతుల్లో రెండు చుక్కల కొబ్బరినూనె పులుముకుని పాయలను మెల్లగా నలిపితే పొర విరిగి, మెత్తటి రింగు మిగులుతుంది.

తెల్ల పొట్టు రాలుతుంటే రెండు కారణాలుండొచ్చు. జెల్ ఎక్కువైంది, లేదా ముందు రాసిన క్రీముతో పడలేదు. రెండూ కొంచెం అరచేతిలో కలిపి చూడండి, పాలు విరిగినట్టయితే ఆ జోడీ వద్దు.

కొనే జెల్ వానాకాలంలో అవిసె జెల్‌ను మించుతుంది. గాలిలో తేమ పెరిగితే అవిసె పొర మెత్తబడి జిగటవుతుంది, కొన్న జెల్లలోని పాలిమర్లు ఇంకాసేపు తట్టుకుంటాయి. వెనక రాతలో ఆల్కహాల్ డినాట్ ముందు వరుసలో ఉంటే వదిలేయండి. సెటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్ పేర్లు చూసి మాత్రం భయపడొద్దు, అవి మెత్తదనమిచ్చే కొవ్వు పదార్థాలు. గ్లిజరిన్ సంగతి కాలాన్ని బట్టి ఉంటుంది. మరీ పొడి ఎండల్లోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ అది ఎక్కువున్న జెల్ ఎదురుతిరుగుతుంది. చలికాలం మొదట్లో, సంక్రాంతి తర్వాత బాగుంటుంది.

క్రీము మందపు వెంట్రుకకు, పొడి ఎండలకు. సన్నటి వెంట్రుకకు రాస్తే మధ్యాహ్నానికే నూనె పెట్టినట్టు అణిగిపోతుంది. క్రీము మెత్తదనమిస్తుంది గానీ రింగును పట్టి ఉంచలేదు, దాని మీద జెల్ తప్పదు.

కలబంద గుజ్జు పట్టు తక్కువ. పెరటి మట్టనుంచి తీస్తే ముందు పసుపుపచ్చ రసం పూర్తిగా కారనివ్వండి, దురద దానివల్లే.

## ఆరబెట్టడం

గరుకు టవల్‌తో రుద్దడం మానేస్తే సగం రేగడం ఆగుతుంది. పాత కాటన్ బనీనులోనో టీ షర్టులోనో జుట్టును నెత్తి మీదికి చేర్చి పది పదిహేను నిమిషాలు చుట్టి ఉంచండి. తర్వాత వదిలేయడమే, చెయ్యి పెట్టొద్దు. ఎండాకాలం నీడలో, చలికాలం పొద్దుటి ఎండలో ఆరబెట్టుకోండి. ఆఫీసు తొందరుంటే గిన్నె లాంటి డిఫ్యూజర్ బిగించిన డ్రయ్యర్‌ను తక్కువ వేడి, తక్కువ గాలి మీద పెట్టి ముప్పాతిక వంతు ఆర్చండి. ఉట్టి డ్రయ్యర్ గాలి రింగులను చెదరగొడుతుంది.

పడుకునేటప్పుడు నూలు మెత్త గలీబు జుట్టును రాపిడి పెడుతుంది. పాత పోచంపల్లి పట్టుచీర ఉంటే జరీ లేని భాగంతో గలీబు కుట్టించుకోండి. పాతకాలపు గద్వాల నూలు చీర ఇందుకు పనికిరాదు, దాంట్లో ఒళ్లు నూలు, పట్టు ఉండేది అంచుకు, కొంగుకే. బండి మీద పోయేవాళ్లు ముఖానికి కట్టే నూలు స్కార్ఫ్ కింద శాటిన్ ముక్క వేసుకుంటే అదే లాభం.

## స్మూతెనింగ్, కెరాటిన్, రీబాండింగ్

పెళ్లిళ్ల సీజన్ రాగానే పార్లర్లు వీటిని ఒకే వస్తువులా అమ్ముతాయి. కానీ ఇవి వేర్వేరు.

రీబాండింగ్, స్మూతెనింగ్ వెంట్రుక లోపలి డైసల్ఫైడ్ బంధాలను రసాయనంతో తెంచి, ఇస్త్రీతో తిన్నగా చేసి, మళ్లీ కడతాయి. చేసిన భాగంలో రింగు తిరిగి రాదు. కొత్తది నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున మెలికగానే పెరుగుతుంది. ఆరు నెలలకు పైన ఆరు సెంటీమీటర్ల రింగులు, కింద తిన్నటి పుల్లలు. ఆ రెండూ కలిసే గీత దగ్గరే ఎక్కువగా తెగుతుంది. మళ్లీ చేయించడమో, కత్తిరించడమో తప్ప మూడో దారి లేదు.

కెరాటిన్ అని పిలిచేది బంధాలను తెంచదు, పూత వేసి ఇస్త్రీతో అతికిస్తుంది, కొన్ని నెలలకు పోతుంది. చిక్కు అందులోని రసాయనంతోనే. కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా వేడి తగలగానే విడుదలవుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని అమ్మే కొన్నిటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. అలాంటి క్రీము పెట్టించుకున్న ప్రతిసారీ, మొత్తం మూడుసార్లు, కిడ్నీలు దెబ్బతిన్న ఒక యువతి ఉదంతాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2024లో ప్రచురించింది. పార్లర్‌లో కూర్చునే ముందు సీసా తెప్పించుకుని వెనక చదవండి. చూపించకపోతే లేచి రండి. కళ్లు మండుతున్నాయంటే ఫ్యాన్ వేసి సర్దిచెప్పే విషయం కాదది.

ఒక్క ఫంక్షన్ కోసమైతే పూర్తిగా ఆరిన జుట్టుకు హీట్ ప్రొటెక్టెంట్ రాసి ఒక్కసారి ఇస్త్రీ చేయించుకోండి. తడి జుట్టుకు ఇస్త్రీ పెడితే లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే విరుగుతుంది. పసిపిల్లలకు యాదగిరిగుట్టలో గుండు చేయిస్తే రింగులు పోతాయని ఆశపడేవాళ్లకు ఒక మాట: రింగు కుదురు ఆకారాన్ని బట్టి వస్తుంది. కత్తి కుదురును తాకదు.

## ఎవరికి ఏది

గురుకులంలో, హాస్టల్‌లో ఉండే ఆడపిల్లలకు బోరు నీళ్లు, పది నిమిషాల టైము, రెండు జడల నిబంధన. జెల్లు, డిఫ్యూజర్లు కుదరవు. శనివారం రాత్రి చివర్లకు కొబ్బరినూనె, ఆదివారం పల్చగా కలిపిన షాంపూ మాడుకు, కండిషనర్ ఉండగా దువ్వడం, ఆఖర్న రెండు సీసాల తాగునీళ్లు. జుట్టు కొంచెం తడిగా ఉండగా వదులుగా రెండు జడలు వేస్తే ఆ ఆకారంలోనే ఆరి రేగదు. బాగా తడిగా ఉండగా బిగించి అల్లితే మాత్రం లోపల ఆరక వాసనొస్తుంది, కుదుళ్లు లాగుతాయి.

టౌన్‌లో ఉద్యోగానికి పోయేవాళ్లకు సల్ఫేట్ లేని షాంపూ వారానికి రెండుసార్లు, మూడు వారాలకొకసారి ఈడీటీఏ షాంపూ, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొన్న జెల్, మిగతా రోజుల్లో అవిసె జెల్. మర్నాడు రేగితే మళ్లీ తలస్నానం అక్కర్లేదు. నీళ్లు చల్లే సీసాలో క్యాన్ నీళ్లు పోసి పైపొరను తడిపి గుప్పిట్లో నొక్కుకుంటే సరిపోతుంది.

ఇంటి దగ్గరుండి, ఓపిక ఉన్నవాళ్లకు కుంకుడు, శీకాయ, మెంతుల రసం, ఆపైన కండిషనర్, అవిసె జెల్. ఖర్చు అన్నిటికంటే తక్కువ. ఫలితం కొన్న సీసాలకు తీసిపోదు, కాకపోతే వడగట్టడంలో బద్ధకించకూడదు.

పొట్టి జుట్టున్న మగవాళ్లకు క్రీము అనవసరం. సబ్బుతో తల రుద్దుకోవడం మానండి, ఉప్పు నీళ్లలో తెట్టు తెల్లగా కుదుళ్లకే పడుతుంది. తడి జుట్టులో బఠాణీ గింజంత జెల్, వేళ్లతో సర్దుకోవడం, అంతే. మంగలి దగ్గర పల్చన చేసే కత్తెర వద్దనండి. అది పోగుల మధ్య పొట్టి వెంట్రుకలను వదులుతుంది, అవి పైకి పొడుచుకొస్తాయి.

ఏది మొదలుపెట్టినా ఒక్కోసారి ఒక్కటే మార్చండి, నాలుగు తలస్నానాల దాకా ఆగి చూడండి. మొదట మార్చేది చివరి రెండు లీటర్ల నీళ్లు. దాంతోనే సగం నెమ్మదిస్తే, కొనాలనుకున్న సీసాల్లో రెండు మిగిలిపోతాయి.